తొలి కడవ

డిసెంబరు నెల వచ్చిందంటే నాకు కోపం వస్తుంది. ఇది వయసుతో వచ్చిన కోపం కాదు, ముప్పై ఏళ్ళ నాటిది. ఈ మధ్య మా గుడికి ఒక కుర్ర అయ్యగారు వచ్చారు. చదువుకున్నవాడు, గొంతు కూడా బాగుంటుంది. క్రిస్మసు ముందు వచ్చే ఆగమన ఆదివారాలు నాలుగూ ఆయన బేత్లెహేములోని ఆ సత్రం వాడిని పట్టుకుని చాకిరేవులో గుడ్డ ఉతికినట్టు ఉతుకుతారు. ప్రభువును మోస్తున్న నిండు చూలాలు గుమ్మంలో నిలబడితే చోటు లేదన్నాడట, వాడిది గుండె కాదట, మనమైతే మన మంచమే దిగి ఇచ్చేవాళ్ళమట. కూర్చున్నవాళ్ళు తలలూపుతారు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. నేను రెండో వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కుంటాను.

మొన్న ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, పండగ దగ్గరికొచ్చింది. ధ్యానం బాగా సాగుతోందా?" అని అడిగారు.

"సాగుతోంది. మీరు ఆ సత్రం వాడిని కొంచెం వదిలిపెట్టండి" అన్నాను.

ఆయన నవ్వారు. ముసలమ్మ హాస్యమాడింది అనుకున్నారు. ఇంటికి వచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను. దొరలు మూటా ముల్లె సర్దుకునే రోజులు వచ్చాయంటున్నారు. వాళ్ళ మీద కోపం రాసేవాళ్ళు ఇక చాలామంది పుడతారు. నాకూ ఉంది. కానీ వాళ్ళకంటే ముందు తిట్టవలసిన మనిషి ఒకరున్నారు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. పుట్టింది కడప దగ్గర. మిషను హాస్టలులో పెరిగి, టీచరు ట్రైనింగు ముగించుకుని, కోయిలకుంట్లకు ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లెకు పంతులమ్మగా వచ్చాను. ఊరు ఒకచోట, అంటరాదని ఊరు దూరంగా నెట్టిన మావాళ్ళ పేట ఒకచోట. పేటలో పన్నెండు ఇళ్ళు. అందరూ తాతల నాడే బాప్తిస్మం పొందినవాళ్ళు. బడీ గుడీ ఒకే గది. నాపరాళ్ళ గోడలు, మట్టి మిద్దె. వారమంతా అందులో పాఠం చెప్పేదాన్ని, ఆదివారం ప్రార్థన నడిపేదాన్ని. అయ్యగారు నెలకొకసారి బండి మీద వచ్చి, రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచి, ప్రభువు బల్ల ఆచరించి పోయేవారు. సంఘ పెద్దలని ముగ్గురు ఉండేవారు గానీ, మిషను దొరకు ఉత్తరం రాయగలిగింది నేనొక్కదాన్నే కాబట్టి నా మాటకు ఎదురుండేది కాదు. నా వెనకాల నన్ను మిరపకాయ పంతులమ్మ అనేవాళ్ళని నాకు తెలుసు. తెలిసి మురిసిపోయేదాన్ని కూడా.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. జొన్న మోకాలెత్తు రాకుండానే మాడిపోయింది. ఊళ్ళో మంచినీళ్ళ బావి ఒకటి ఉంది. దాని చేదను మావాళ్ళు ముట్టకూడదు. మామూలు రోజుల్లో మా ఆడవాళ్ళు కడవలు పట్టుకుని గట్టుకు దూరంగా నిలబడితే, రెడ్ల ఇంటి ఆవిడ ఎవరికైనా దయ పుడితే ఎత్తునుంచి పోసేది. ఆ ఏడు ఆ దయ కూడా ఎండిపోయింది. మా ఎద్దులకే చాలవు పొండి అన్నారు. బావిలో నీళ్ళు ఉన్నాయి. చేద మునిగే చప్పుడు దారిన పోయేవాళ్ళకు వినపడేది.

ఇక మాకు మిగిలింది వాగు. వాగంటే ఇసుకే. ఆ ఇసుకలో నడుములోతు గుంత తవ్వితే అడుగున కొంచెం నీరు ఊరుతుంది. దాన్ని చెలమ అంటారు. అలాంటివి మూడు తవ్వారు. కొబ్బరి చిప్పతో నాలుగుసార్లు తోడితే ఇసుక తేలుతుంది, మళ్ళీ ఊరేదాకా గుంతలో కూర్చోవాలి. ఒక కడవ నిండేలోపు ఇంటి దగ్గర సంగటి ఉడికి దిగేది. ఆడవాళ్ళు జుట్లు పట్టుకోకుండా నేనే వంతులు రాసి బడి తలుపుకు అంటించాను. ఇంటికి రోజుకు రెండు కడవలు. తాగినా వండినా కడిగినా అవే.

ఆగమన కాలం మొదటి ఆదివారం అయ్యగారు వచ్చారు. ప్రభువు రాకముందు మనసు సిద్ధం చేసుకోవాలి, మనకు ప్రియమైనది ఏదో ఒకటి ఆయన కోసం వదులుకోవాలి అని చెప్పి, దొరగారు ఈసారి పండగకు మన పల్లెకే వస్తున్నారని కూడా చెప్పి వెళ్ళిపోయారు. ఆయన చెప్పిన మొదటి మాటా రెండో మాటా నా తలలో ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

మా ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు గింజలు దేవునికని తీసి ఒక కుండలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు. ఆ ఏడు కుండలు ఖాళీ. తెచ్చేందుకు గింజలు లేక కొందరు గుడికి రావడానికే ముఖం చెల్లక తప్పించుకుంటున్నారు. అందుకని నేను లేచి నిలబడి చెప్పాను: గింజలు లేకపోతే నీళ్ళు ఇవ్వండి. వారంలో ఒక రోజు, ఒక్కో ఇంటి తొలి కడవ గుడికి. పండగకు గోడలకు సున్నం కొట్టడానికీ, వచ్చే అతిథులకూ అవి పనికొస్తాయి. ఉన్నదాంట్లో మొదటిది దేవునికి, అదే అసలైన ధ్యానం అన్నాను. ఇష్టమున్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాను. అని ఒక్కొక్కరి ముఖంలోకి చూశాను. మిరపకాయ అలా చూస్తే ఎత్తనివాళ్ళు ఎవరు? పన్నెండు ఇళ్ళ చేతులూ లేచాయి. ఎంత గొప్ప ఆలోచన చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

గది మూలన మూడు పెద్ద బానలు పెట్టించి, మూతలు వేయించి, తలుపుకు తాళం వేశాను. తాళంచెవి నా నడుముకు కట్టుకున్నాను. వాగు నుంచి వచ్చిన ప్రతి తొలి కడవనూ దగ్గరుండి పోయించుకునేదాన్ని. ఆ రోజుల్లో రోజూ ధ్యానం రాసుకునే నోటుబుక్కు ఒకటి నాకుండేది, ఇప్పటికీ ఉంది. మొదటి వారం పేజీల్లో త్యాగం అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. ఎవరి త్యాగమో ఎక్కడా లేదు. బోడి త్యాగం.

గుడికి పది అడుగుల దూరంలో ఒక అవ్వ ఇల్లు. కొడుకూ కోడలూ ఆమే. అవ్వ మాట నెమ్మది, చెయ్యి గట్టిది. పేటలో సగం మంది బొడ్లు కోసింది ఆమే. కోడలికి తొలి చూలు, నెలలు నిండాయి. వాళ్ళ తొలి కడవ గురువారం. మూడో వారం గురువారం పొద్దున అవ్వ కడవ నెత్తిన పెట్టుకుని వచ్చి, గడప దగ్గరే ఆగిపోయింది.

"పంతులమ్మా, ఈ పొద్దు ఈ కడవ మాకు ఇడిసిపెట్టు. కోడలు తెల్లారినుంచి నడుము పట్టుకోని తిరుగుతాండాది. రేపు మాపు అయ్యేటట్టుండాది."

"నొప్పులు మొదలైనాయా?" అన్నాను.

"ఇంగా లేదు. మొదలైనాక నీళ్ళకు యాడికి పోదు?"

"మొదలైనప్పుడు చూద్దాం అవ్వా. ఈ నీళ్ళు నీవీ కావు, నావీ కావు. దేవుని ముందు చెయ్యెత్తినావా లేదా?"

అవ్వ నెత్తిన కడవ సర్దుకుంది. "ఎత్తితిని" అంది. లోపలికి వచ్చి కడవను బానలోకి వంచింది. చివర కడవను తలకిందులుగా పట్టుకుని రెండు చుక్కలు కూడా రాల్చింది. ఆ రెండు చుక్కలు రాల్చినప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. తాళం వేసి, సున్నపురాయి తేవడానికి బండి కట్టించుకుని కోయిలకుంట్లకు పోయాను.

సున్నపు బస్తాలతో తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. గుడి తలుపు తెరిచి ఉంది. తాళం నేల మీద పగిలి పడి ఉంది, పక్కనే రాయి. ఒక బాన సగానికి పైగా ఖాళీ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు, ఏమిటి అని అడగనక్కరలేదు, తడి అడుగులు గడప నుంచి అవ్వ ఇంటిదాకా ఉన్నాయి.

ఆ అడుగుల మీదే పోయాను. అవ్వ వాకిట్లో రక్తపు గుడ్డలు పిండుతూ ఉంది. లోపల చీకట్లో పసిబిడ్డ గొంతు. ఆడపిల్ల. నేను బండెక్కిన గంటకే నొప్పులు వచ్చాయట. ఇంట్లో ఉన్న రెండో కడవ అంబలికే అయిపోయింది. పక్క ఇళ్ళవాళ్ళు తలా ముంత పోశారట. పురిటికి అవి ఏ మూలకు?

"తాళం ఎవరు పగలగొట్టినారు?" అన్నాను.

"నేనే. కొడుకును తిట్టాకు, వాడు చేన్లో ఉండె. నేనే రాయితో కొట్టితి." అవ్వ తలెత్తలేదు. "పొద్దున అడిగితిని గదా పంతులమ్మా. మొదలైనప్పుడు చూద్దాం అంటివి. మొదలైనప్పుడు నువ్వు యాడ ఉంటివి? బొడ్డు కోసిన కత్తి కడగల్లన్నా చుక్క ల్యాకపాయె."

"గుడి తాళం పగలగొట్టినావు అవ్వా."

"పగలగొట్టితి. మా వంతు కడవలే ఎత్తుకొంటి. ఒకటో రెండో ఎక్కువ వచ్చింటాయి. చెలమ ఊరినాక పోస్తా."

బిడ్డ ఎలా ఉంది, తల్లి ఎలా ఉంది అని నేను అడగలేదు. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. ఆ గురువారం పేజీ నా ముందే ఉంది. మందిరం పరిశుద్ధత గురించి పేజీన్నర రాశాను. పిల్ల పుట్టిందన్న ఒక్క మాట అందులో లేదు.

మర్నాడు పెద్దలను పిలిపించాను. వాళ్ళలో ముసలాయన మిగిలిన ఇద్దరి వైపు తిరిగి, "పురిటి నీళ్ళు గదప్పా. దీనికి శిక్ష ఏందప్పా" అన్నాడు. ఆ ఇద్దరూ అదే నిజమన్నట్టు నేల చూశారు. నేను ఒప్పుకోలేదు. ఈ రోజు నీళ్ళు, రేపు కానుక పెట్టె, ఇక గుడికి భయం ఏముంటుంది అన్నాను. దొరకు రాయమంటే రాస్తాను అన్నాను. ఆ మాటతో ముగ్గురూ మెత్తబడ్డారు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. పెద్ద తలపాగాలు చుట్టుకున్న మగవాళ్ళు ముగ్గురు ఒక ఉత్తరానికి భయపడ్డారు. అవ్వను ఈస్టరు దాకా బల్లకు దూరంగా ఉంచాలనీ, శిక్షలో ఉన్నవాళ్ళ పద్ధతి ప్రకారం గడప బయట బండ మీదే కూర్చోవాలనీ తీర్మానించాము. అయ్యగారికి చీటీ నేనే రాశాను. గుడిలో దొంగతనం జరిగింది అని రాశాను. ఏమి దొంగతనమో రాయలేదు. ఆయనా అడగలేదు. క్రమశిక్షణ మంచిదే అని జవాబు వచ్చింది.

అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకోవడం అంటే ఇదే. నా కోపం పోవలసిన చోటు ఊళ్ళో ఉంది. అక్కడ బావి ఉంది, చేద ఉంది, ఎద్దులకు పోసి మిగిలిన నీళ్ళు కాలువలో పారేవి. ఆ గట్టు మీదికి పోయి ఒక్కసారి గొంతెత్తానా? లేదు. రెడ్డి ఎదురైతే కొంగు భుజాన కప్పుకుని పక్కకు తప్పుకునేదాన్ని. నా మిరపకాయ ఘాటంతా బాలింత ఇంటి మీదికే.

తరువాతి వారం సున్నం కొట్టాము. సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి, పొగలు కక్కి, ఆ సున్నం కడవల కొద్దీ తాగేసింది. పేట ఆడవాళ్ళు ఎండిపోయిన పెదవులతో నిలబడి చూశారు. రెండు పూతలు వేయించాను. నిజం చెప్పాలి, గోడలు చాలా బాగా వచ్చాయి. కళ్ళు చెదిరే తెలుపు. అప్పటికి చెలమలు ఇంటికి రోజుకొక కడవకు పడిపోయాయి. పండగనాడు ఆరాధన ముగిసేదాకా ఎవరూ వాగుకు పోకూడదని కట్టడి పెట్టింది కూడా నేనే. దొర వచ్చేసరికి అందరూ శుభ్రంగా వరసల్లో కూర్చుని ఉండాలి కదా.

పండగ పొద్దున దొర గుర్రం మీద, అయ్యగారు బండి మీద వచ్చారు. గుర్రం తాగింది. ఎద్దులు తాగాయి. దొర ముఖం కడుక్కున్నారు. బానలు అడుగంటాయి. అయ్యగారు సత్రం గురించే ప్రసంగించారు. నిండు చూలాలికి చోటివ్వని సత్రం వాడు, గుండె లేనివాడు, అంతా ఇప్పటి కుర్రాయన చెప్పేదే. దొర లేచి ఏదో అంటే అయ్యగారు తెలుగులో చెప్పారు: ఈ గోడల్లాగే మన హృదయాలు తెల్లగా ఉండాలి, కరువులో కూడా ఈ పని చేయించిన పంతులమ్మ దైవభక్తి అందరికీ మాదిరి. నేను వినయంగా తల వంచుకున్నాను. గడప బయట బండ మీద అవ్వ కూర్చుని ఉంది. అవ్వ కూడా వింటూ ఉంది.

తరువాత బాప్తిస్మం. అవ్వ కొడుకూ కోడలూ పసిదాన్ని ఎత్తుకుని ముందుకు వచ్చారు. అయ్యగారు ప్రార్థన చదివి, పక్కనున్న గిన్నెలో చెయ్యి పెట్టారు. గిన్నె ఖాళీ. దాంట్లో నీళ్ళు పోయడం నేను మరిచాను. ఆయన నా వైపు చూశారు. నేను బానల దగ్గరికి పరిగెత్తాను. రెండు బానలు ఎండిపోయాయి. మూడోదాని అడుగున సున్నం చేతులు కడిగిన తెల్లటి నీళ్ళు నాలుగు దోసిళ్ళు ఉన్నాయి. ఏం చేయాలో తోచక, వాటినే ముంచడానికి చెంబు వంచాను.

"ఆ సున్నం నీళ్ళు పసిదాని నెత్తిన పోయాకు తల్లీ. కళ్ళు పోతాయి."

అవ్వ గడప అవతల నిలబడి ఉంది. గిన్నె ఖాళీగా ఉండడం నాకంటే ముందు చూసినట్టుంది, ఎప్పుడు పోయిందో ఇంటికి పోయి ఒక ముంత తెచ్చింది. గడప దాటలేదు. చేతులు మాత్రం లోపలికి చాచింది.

"ఇది తీసుకో. ఒలకబొయ్యాకు" అంది.

తీసుకున్నాను. అయ్యగారు ఆ నీళ్ళలో వేళ్ళు ముంచి పిల్ల నుదుటిని మూడుసార్లు తడిపారు. తరువాత బల్ల ఆచరించారు. నేను రొట్టె తిన్నాను, ద్రాక్షరసం తాగాను. అవ్వ బండ మీద కూర్చుంది. దొర మధ్యాహ్నం రెడ్డి ఇంట్లో మర్యాదకు కాసేపు కూర్చుని, ఆ బావి పక్కనుంచే గుర్రం ఎక్కి వెళ్ళిపోయారు. బావి గురించి ఆయన ఒక్క మాట అడిగి ఉండవచ్చు. అవ్వ గురించి నేను ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. బల్ల వేళకు ఇద్దరూ అక్కడే ఉన్నారు, దొరా అయ్యగారూ. అయ్యా, ఆమె దొంగిలించింది నీళ్ళు, ఈ పిల్ల పుట్టినందుకు, తప్పు నాది అంటే ఆ నిమిషమే ఆమె లోపలికి వచ్చేది. పొగిడిన నోళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడం చాలా కష్టం. ఈస్టరుకు చెబుదాంలే అనుకున్నాను, అప్పటికి శిక్ష ఎలాగూ తీరుతుంది కదా అని.

ఈస్టరు ఇంకా మూడు వారాలుందనగా అవ్వ జ్వరం వచ్చి పోయింది. శిక్షలో ఉండగా పోయినవాళ్ళకు గంట కొట్టరు. కొట్టలేదు. గంట తాడు ఉన్న గది తాళంచెవి నా నడుముకే ఉంది.

అందుకే సత్రం వాడిని తిడుతుంటే నేను తల ఊపలేను. నాలుగు ఆదివారాలూ వాడి పక్కనే కూర్చుంటాను. ధ్యానమంటే నాకు మిగిలింది అదే. నా కోపమంతా ఆ సున్నం గోడల మధ్య నిలబడిన ఇరవై ఆరేళ్ళ పంతులమ్మ మీద. ఆమెను క్షమించమని ప్రభువును అడగడానికి కూడా నాకు మనసొప్పదు. అడగవలసింది అవ్వను.

ఒకటి దాటవేశాను. రాయడానికి సిగ్గేస్తోంది.

బాప్తిస్మం అయ్యాక ముంత తిరిగి ఇద్దామని గడప దగ్గరికి పోయాను. ముక్కాలు ముంత నీళ్ళు అలాగే ఉన్నాయి. తెల్లవారకముందు నుంచీ చాకిరీ చేసి, పాటలు పాడించి, నా నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అవ్వ ముంత అందుకోలేదు. నా ముఖంలోకి చూసింది.

"పొద్దున్నించి గొంతు తడిపినట్టు ల్యావు. తాగు తల్లీ" అంది.

ఆరాధన అయ్యేదాకా వాగుకు ఎవరూ పోలేదు. ఇంటికి రోజుకు ఒక కడవ. బాలింత ఉన్న ఇల్లు. నిన్నటి కడవలో ఆ పూటకు మిగిలింది ఆ ముంత ఒక్కటే అని నాకు తెలుసు. వంతులు రాసింది నేనే. గడప లోపల నిలబడి, మొత్తం తాగేశాను.